వెనక నుంచి పిలుపు

నూకరత్నం ఆస్టినాబాద్ మలుపు దగ్గర "మచ్ఛీ... తాజా మచ్ఛీ..." అని ఒక్క కేక వేసిందంటే మా ఇంట్లో కుక్కర్ కూత కూడా చిన్నబోయేది. మా ఆయన చెన్నకేశవులు గారు టీవీ ఊరంతా వినేలా పెట్టుకుంటారు. పక్కన నిలబడి నేను పిలిచినా పలకరు. అలాంటి మనిషి, నూకరత్నం ఇంకా రెండు వీధుల అవతల ఉండగానే, "శారదా, చేపలొచ్చాయి" అని నాకు కబురు చెప్పేవారు. ఇన్నేళ్ల కాపురంలో నా గొంతుకి ఆ మర్యాద దక్కలేదు.

నేను బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా గొంతూ తక్కువదేం కాదు. అయినా బేరం దగ్గర నూకరత్నం నన్ను నోరెత్తనిచ్చేది కాదు. వంజరం ముక్క ఇంకొకటి వెయ్యమంటే తట్ట మీద గుడ్డ కప్పేసి, "సేపతోపాటు సముద్రం కూడా ఇమ్మంటావేటి టీచరమ్మా? బాల్టీ తెచ్చుకో, పోస్తాను" అనేది. ఆ మాటకి కోపం రావాలి. నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు చూసి ముక్క వేసేది.

ఆమె తండ్రి భీమిలి వైపు నుంచి వలలతో సహా ఓడెక్కి ఈ దీవులకి వచ్చాడట. నూకరత్నం ఇక్కడే పుట్టింది. బడిలో నాలుగు రోజులు హిందీ అక్షరాలు దిద్దింది. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. నాగబాబుని చేసుకుంది. అతను డింగీ అనే చిన్న ఇంజను పడవలో వేటకి వెళ్తే, తెచ్చినవాటిని ఆమె తట్టకెత్తుకుని బతు బస్తీ, ఆస్టినాబాద్ తిరిగి అమ్మేది. వాళ్లలో ఆడవాళ్లు భర్త పేరు పలకరు. "మావా" అనేది. కూతురు శ్రీలక్ష్మిని ఉత్తరం కొసన ఎక్కడో ఉన్న డిగ్లీపూర్లో ఇచ్చారు. ఆ పిల్లతో ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు కూడా నూకరత్నం, ఫోను లేకపోయినా డిగ్లీపూర్ దాకా వినపడేలాగే మాట్లాడేది.

ఒకసారి మా గుమ్మం ముందు చేపలు కోసి, కత్తి మరిచిపోయి వెళ్లిపోతోంది. "నూకరత్నం, కత్తి!" అని వెనక నుంచి పిలిచాను. గిర్రున తిరిగి వచ్చింది. ముఖం కందగడ్డ చేసుకుని తట్ట దించింది. మెట్టు మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. గ్లాసెడూ తాగాక గానీ లేవలేదు.

"ఎల్లేవోల్లని ఎనకనుంచి పిలవకూడదు టీచరమ్మా. సదువుకున్నావు, ఆమాత్రం తెలీదా? పిలిస్తే ఎనక్కొచ్చి కూకోవాల, నీల్లు తాగి మల్లీ బయల్దేరాల."

"వీధిలో చేపలమ్ముకోవడానికి కూడానా?"

"దీనికే ఇంత పట్టింపైతే, యేటకెల్లే మొగోల్ల సంగతి సెప్పాలా? పడవ కదిలినాక మా ఆడోల్లం నోరిప్పం."

పట్టింపులు మా ఇళ్లలోనూ ఉన్నాయి గనక ఖాళీ గ్లాసు తీసుకుని కత్తి చేతికిచ్చాను.

పోయిన వానాకాలం నాగబాబు పోయాడు. అతనూ అప్పలకొండా కలిసి ఆ పొద్దున వేటకి వెళ్లారు. అప్పలకొండ అతని జతగాడు, తమ్ముడిలాంటివాడు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచి డింగీ తిరగబడింది. అప్పలకొండ ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది, తేలుతూ ఉంటే ఇంకో పడవవాళ్లు పైకి లాగారు. నాగబాబు ఒంటి మీద లేదు. మర్నాడు ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. జాకెట్ ఇంట్లో మరిచిపోయి వెళ్లాడని చెప్పుకున్నారు.

శవం ముందు నూకరత్నం ఏడవలేదు. వాళ్లలో పోయినవాళ్ల గుణగణాలు ఎత్తి రాగం తీసి ఏడుస్తారు, ఆ ఏడుపు వీధి చివరిదాకా వినపడుతుంది. ఈమె నోరు తెరుచుకుని ఉంది గానీ అందులోంచి శబ్దం రాలేదు. "రాయి" అంది ఒకావిడ నా పక్కనే. "మొగుడు పోతే ఈసమెత్తు ఏడుపు లేదు" అంది ఇంకో ఆవిడ. వాళ్ల నోళ్లలో బూడిద పొయ్యాలనిపించింది నాకు. శవం ఉన్న ఇంట్లో గొడవెందుకని వెళ్లి నూకరత్నం పక్కన కూర్చున్నాను.

ఆ తర్వాత తెలిసింది, ఆమె గొంతే పోయిందని. మాట గాలిలా వస్తుంది, అంతే. చెవి దగ్గర పెడితే గానీ తెలియదు. బతకాలి గనక తట్ట ఎత్తుకుని వీధుల్లోకి వచ్చింది. కానీ కేక లేకుండా చేపలెవరు కొంటారు? మా గేటు ముందు నిలబడి గొళ్లెం టకటకలాడించేది. అందరూ తలుపులేసుకుని టీవీలు చూసుకునే కాలం. అదే సమయంలో మోటారు సైకిలు మీద ఒకతను మైకులో రికార్డు వేసుకుంటూ వచ్చి వీధి వీధంతా అమ్ముకుపోయేవాడు. కూతురు ఫోన్ చేసి, "అమ్మా, అమ్మా" అని అటునుంచి ఏడ్చి పెట్టేసేది. ఈమె ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే కూర్చునేది. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు.

గొంతు డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. సన్నని గొట్టం లోపలికి పెట్టి చూశాడు. గొంతులో లోపమేమీ లేదన్నాడు. "దగ్గమ్మా" అన్నాడు. దగ్గింది. ఖంగుమని శబ్దం వచ్చింది. "చూశారా? దగ్గుకి వస్తోంది, మాటకి రావడం లేదు. మనసు డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అన్నాడు. నూకరత్నం నా చెవిలో, "నాకు పిచ్చనా?" అంది. "పిచ్చి నాకు. చేపల కోసం ఇంత దూరం నీతో తిరుగుతున్నాను" అన్నాను. కష్టం మీద ఒప్పుకుంది.

మనసు డాక్టర్ పేరు సుష్మ. భోపాల్ నుంచి వచ్చిన చిన్న పిల్ల, తెలుగు రాదు. మా మాటలన్నీ హిందీలోనే సాగాయి, అది ఇక్కడ అందరికీ వచ్చిన భాషే. ఆ గదిలో కళ్లకి కట్టుకునే నల్ల పెట్టె ఒకటి ఉంది. అది తగిలించుకుంటే ఎదురుగా ఉన్న గది మాయమై వేరే చోటు కనపడుతుంది. తల ఎటు తిప్పితే అటు కనపడుతుంది. పక్క హాల్లో నర్సు పిల్లలు అలాంటి పెట్టెలే కట్టుకుని, గాలిలో చేతులాడిస్తూ, కనపడని తల్లికి పురుడు పోయడం నేర్చుకుంటున్నారు. భయాలున్నవాళ్లకి కూడా దీనితో వైద్యం చేస్తామని సుష్మ చెప్పింది. భయపెట్టే చోటుని కొంచెం కొంచెంగా చూపించి మనసుకి అలవాటు చేస్తారట.

"సముద్రంతో మొదలు పెడదాం దీదీ" అంది సుష్మ.

ఈ దీవుల్లో ఎవరికి ఏ జబ్బు చేసినా బయటి నుంచి వచ్చిన డాక్టర్లకి ముందు సముద్రమే తోస్తుంది. నూకరత్నం, తన తలకి చేపల వాసన ఉంటుందని, పెట్టె పాడైపోతుందని వెనక్కి జరిగింది. సుష్మ ఆ మాట పట్టించుకోకుండా కొప్పు విప్పించి పట్టీ బిగించింది. కాసేపటికి నూకరత్నం భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని సుష్మ గబగబా పెట్టె తీసింది. ఆమె నవ్వుతోంది, శబ్దం లేకుండా.

"ఆ నీల్లేటి టీచరమ్మా, అద్దంలాగున్నాయి. ఒక్క సేపా లేదు. ఎవులి సముద్రమది?" అంది నా చెవిలో.

సముద్రమంటే ఆమెకి భయం లేదని సుష్మకి అర్థమైంది. తప్పు ఒప్పుకుంది, అందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది. పడవ బయల్దేరడం దగ్గరే ఏదో ఉందని ఊహించి, చుట్టూ ఒకేసారి తీసే బంతిలాంటి కెమెరా తీసుకుని, పడవలు ఆగే జంగ్లీఘాట్ జెట్టీకి వెళ్లింది. జెట్టీ మెట్ల మీద కెమెరా నిలబెట్టి, డింగీ బయల్దేరి వెళ్లడం ఇంజను మోతతో సహా రికార్డు చేయించింది. పడవ నడపడానికి అప్పలకొండ ఒప్పుకున్నాడు. ఒడ్డువైపు వీపు పెట్టి, వెనక్కి చూడకుండా పోవాలి. అంతే అతని పని.

ఆ వీడియో పెట్టిన రోజు నూకరత్నం నవ్వలేదు. ఇంజను మోత మొదలవగానే నిటారుగా అయింది. కుడిచేత్తో నోరు గట్టిగా మూసుకుంది. ఎడమ చెయ్యి ముందుకి చాచి, ఏదో పట్టుకున్నట్టు వేళ్లు బిగించింది. పెట్టె తీశాక కూడా నోటి మీద చెయ్యి తియ్యలేదు. సుష్మ ఆ చెయ్యి పట్టుకుని, "ఆ రోజు ఏం జరిగింది దీదీ?" అని అడిగింది.

చెప్పింది. గాలి మాటల్లో, ఆగి ఆగి చెప్పింది. ఆ పొద్దున నాగబాబు జాకెట్ గుమ్మం దగ్గర ఆరేసి ఉంది. మరిచిపోయాడని చూసి, అది పట్టుకుని జెట్టీకి పరుగెత్తింది. చేరేసరికి పడవ కదిలింది. నాగబాబు వీపు కనపడుతోంది. ఒక్క కేక వేస్తే తిరిగేవాడు. కానీ వేటకెళ్లే మనిషిని వెనక నుంచి పిలిస్తే కీడని, వచ్చిన కేకని నోట్లోనే నొక్కేసింది. జాకెట్ చేత్తో పట్టుకుని, పడవ కనుమరుగయ్యేదాకా నోరు మూసుకుని నిలబడింది.

"మావ బాగుండాలనే పిలవలేదు టీచరమ్మా" అంది.

సుష్మకి వెనక నుంచి పిలవకూడదన్న సంగతి నేను విడమరిచి చెప్పాల్సొచ్చింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, "అయితే ఇప్పుడు పిలవండి దీదీ. ఇది బొమ్మే కదా. ఆ రోజు ఆగిపోయిన కేక బయటికి రావాలి" అంది.

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. ఎంత చెప్పినా వినలేదు. చివరికి నన్ను దగ్గరికి లాక్కుని చెప్పింది. "బొమ్మలో ఉన్నది అప్పలకొండ. రేపూ ఎల్లుండీ ఆడు యేటకెల్లాల. ఆణ్ణి ఎనకనుంచి పిలిసి ఆడి పెల్లాం పుస్తె కూడా తెంపమంటావా?"

గొంతు లేకపోతే బతుకు లేదని ఆమెకి తెలుసు. అయినా బొమ్మలోని మనిషికి కీడు జరుగుతుందేమోనని గొంతు వదులుకోవడానికి సిద్ధపడింది. ఇలాంటి మనిషిని రాయి అన్నారు.

అప్పలకొండకి కబురు చేశాను. మర్నాడు వేట మానుకుని ఆస్పత్రికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఆమెకెదురుగా కుర్చీలో కూర్చున్నాడు. నేనిచ్చిన గ్లాసు నీళ్లు గటగటా తాగి, ఖాళీ గ్లాసు ఆమెకి చూపించాడు.

"ఇదుగో వొదినా, కూకున్నాను. నీల్లు కూడా తాగీసినాను. నానెక్కడికీ ఎల్లట్లేదు. భయపడకు, పిలు."

ఆమె ఆ గ్లాసు అందుకుని పక్కన పెట్టింది. పెట్టె కట్టించుకుంది. ఇంజను మోత మొదలైంది. చెయ్యి నోటి దాకా లేచింది, ఆగింది, కిందికి దిగింది. మెడ నరాలు పొంగాయి.

"మావా!"

హాల్లో పురుడు పోస్తున్న నర్సు పిల్లలు పెట్టెలు తీసేసి తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. నా చెవులు గింగురుమన్నాయి. ఆ గొంతు విని ఎంత కాలమైందో!

"మావా! జాకెట్టు మరిసిపోనావు! ఎనక్కి రా! మావా!"

సుష్మ సంతోషంతో నా చెయ్యి నొక్కింది. నేనూ నవ్వబోయాను. ఎదురుగా తెర మీద మాకు కూడా ఆ బొమ్మ కనపడుతోంది. పడవ పోతోంది. తిరగడం లేదు. ఎలా తిరుగుతుంది? రికార్డు చేసిన పడవ. ఆమె పిలుస్తోంది, పడవ చిన్నదవుతోంది. లేచి నిలబడి, రెండు చేతులూ చాచి, కంఠం పగిలేలా పిలిచింది. వీడియో అయిపోయి తెర నల్లబడింది. ఎంత పిలిచినా ఆ పడవ తిరగదన్న ముక్క సుష్మకీ నాకూ ముందు తట్టనే లేదు.

నూకరత్నం పెట్టె తానే తీసేసి కుర్చీలో కూలబడింది. "ఇనలేదు" అంది. గొంతు బొంగురుగా ఉంది, కానీ గొంతే.

ఆ మాట నేను హిందీలో చెప్పగానే సుష్మ ఒక్క క్షణం తడబడి, అందుకుంది. "ఇంజను మోత విన్నారు కదా దీదీ! ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? ఆ రోజు మీరు పిలిచినా ఆయనకి వినపడేది కాదు. మీ తప్పేమీ లేదు."

"సచ్ మే?" అంది నూకరత్నం. నావైపు తిరిగి, "నిజమేనా టీచరమ్మా?" అంది.

"నిజమే. ఎలా వినపడుతుంది?" అన్నాను. మునిగేవాళ్లకి అందిన చెక్క అది, నేనెందుకు లాగేస్తాను? అప్పలకొండని కూడా అడిగింది. అతను నేలవైపు చూస్తూ, "టైమైంది వొదినా, ఎల్లొస్తాను" అని లేచిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు మా వీధికి పండగే. మైకు మోటారు సైకిలతను ఇంకో పేట వెతుక్కున్నాడు. మా ఆయన మళ్లీ టీవీ ముందు నుంచే చేపల కబురు చెప్పడం మొదలు పెట్టారు. నూకరత్నం కూతురితో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడింది. గుమ్మం గుమ్మానికీ ఒకటే మాట చెప్పింది. "ఇంజను సౌండుకి ఇనపడదంట. డాక్టరమ్మే సెప్పింది. నాను పిలిసినా మావకి ఇనపడేది కాదంట." ప్రతిసారీ అవతలివాళ్ల ముఖం చూసి, వాళ్లు ఊఁ అనేదాకా కదిలేది కాదు. మా ఇంటి ముందు ఎన్నిసార్లు చెప్పిందో, అన్నిసార్లూ నేను ఊఁ అన్నాను.

మా ఇంటికి చుట్టాలు వస్తున్నారని, పెద్ద వంజరం కోసం ఓ పొద్దున నేనే జంగ్లీఘాట్ వెళ్లాను. నూకరత్నం మెట్ల మీద కూర్చుని చేపలు ఏరుతోంది. మేము బేరంలో ఉండగా అప్పలకొండ డింగీ బయల్దేరింది. వానాకాలం మళ్లీ ముంచుకొస్తున్న రోజులు, గాలి తేడాగానే ఉంది. పడవ ఒక్క పట్టున సాగిపోయి, కట్టేసి ఉన్న పెద్ద పడవలన్నీ దాటేసింది. అప్పుడు చూసింది నూకరత్నం. వల మూటల పక్కన, మెట్టు మీద, అప్పలకొండ నారింజ రంగు జాకెట్ ఉంది.

చెయ్యి నోటి మీదికి పోయింది. అంతలోనే ఆ చెయ్యి విసురుగా తీసేసింది.

"అప్పలకొండా! ఓరి అప్పలకొండో! జాకెట్టు!"

జెట్టీ మీది మగాళ్లంతా ఒక్కసారి తిరిగారు. "ఏటే, మతిగాని పోనాదా? యేటకెల్లేవోణ్ణి ఎనకనుంచి పిలుస్తావా?" అని ఒక ముసలాయన తిట్లు లంకించుకున్నాడు. ఆయన తిడుతుండగానే, అంత దూరాన, అప్పలకొండ తల తిప్పాడు. పడవ మలుపు తిరిగి వెనక్కి వచ్చింది. అప్పలకొండ ఏమీ మాట్లాడకుండా మెట్టు మీద కూర్చుని, ఆమె సీసాలోని నీళ్లు తాగి, జాకెట్ తొడుక్కుని, "ఎల్లొస్తాను వొదినా" అని మళ్లీ పడవెక్కాడు. ముసలాయన సణుక్కుంటూ ఊరుకున్నాడు.

నేను పొంగిపోయాను. "చూశావా? ఒక ప్రాణం కాపాడావు నూకరత్నం!" అన్నాను.

ఆమె నా మాట వినడం లేదు. నీళ్లవైపు చూస్తోంది. పడవ ఎక్కడి నుంచి వెనక్కి తిరిగిందో అక్కడికి చూసి, మళ్లీ దగ్గరగా ఉన్న జెట్టీ చివరి స్తంభం వైపు చూసింది.

"అది మావ ఇంజనే టీచరమ్మా. పడవ దొరికినాక ఇంజను ఊడదీయించి అప్పలకొండకే ఇచ్చీసినాను."

నేనూ ఆమె చూస్తున్న వైపే చూశాను.

"ఆయేల మావ అంత దూరం కూడా ఎల్లలేదు. అల్లదిగో, ఆ స్తంభం కాడే ఉన్నాడు." చేపల చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "ఇనపడతాది టీచరమ్మా. ఇనేవోడు. మావ ఇనేవోడు."

ఈసారి ఊఁ అనడానికీ కాదనడానికీ నా దగ్గర ఏమీ లేదు. ఆమె తట్ట పక్కకి నెట్టి, మెట్టు మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది. శవం ముందు రాని ఏడుపు, రాగం తీసి, నాగబాబు నవ్వునీ వలనీ అలకనీ అన్నింటినీ ఎత్తి ఎత్తి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. జెట్టీ మీద బేరాలు ఆగిపోయాయి. దూరంగా, పెద్ద పడవలన్నీ దాటిపోయిన డింగీలో, అప్పలకొండ మళ్లీ వెనక్కి తిరిగి చూశాడు.